దేశాంతర ప్రయాణములో కుటుంబ స్వస్థవృత్తము

స్వస్థవృత్తమనగా ఆరోగ్యవంతుని ఆరోగ్యమును కాపాడు నియమావళి. వచ్చిన రోగమునకు చేయు చికిత్సతో పాటు, రోగము రాకుండ చేయు ఏర్పాటునకును మన ఆచార్యులు గొప్ప స్థానము నిచ్చిరి. దినచర్య, ఋతుచర్యలు పాఠకులకు పరిచితములే. ఒకే కుటుంబములోని మూడు తరములవారు కలసి చేయు దేశాంతర ప్రయాణమునకు ఆ నియమములను ఎట్లు అన్వయింపవలెనో ఈ పాఠములో విచారింతము.

పూర్వము మనవారి దూరప్రయాణమనగా కాశీయాత్ర, రామేశ్వరయాత్ర. 1990 తరువాత కంప్యూటరు ఉద్యోగముల నిమిత్తమై తెలుగు బిడ్డలు వేల సంఖ్యలో అమెరికా చేరిరి. వారి వెనుక తల్లిదండ్రులు పురుళ్ళకు, గృహప్రవేశములకు, మనుమల సంరక్షణకు పోవుట పరిపాటి యయ్యెను. ఆరు నెలలు అమ్మాయి తల్లిదండ్రులు, మరి ఆరు నెలలు అబ్బాయి తల్లిదండ్రులు వంతులవారీగా వెళ్ళు ఇండ్లు నేడు అనేకము. ఈ ప్రయాణము ఎంత ఆనందదాయకమో, నియమము తప్పినచో అంత క్లేశదాయకము.

ఒక ఉదాహరణము

రాజమహేంద్రవరమునకు చెందిన ఒక కుటుంబమును ఊహించుకొందము. తాతగారికి 70 ఏండ్లు. రక్తపోటు, మధుమేహము కలవు. బామ్మగారికి 64 ఏండ్లు. మోకాళ్ళ నొప్పులు, మలబద్ధము కలవు. వారితో కుమార్తె, ఆమె 8 ఏండ్ల బాలుడు బయలుదేరుచున్నారు. హైదరాబాదులో విమానమెక్కి, దోహాలో మారి, డల్లాసు నగరములోని కుమారుని ఇల్లు చేరవలెను. అచట కుమారుడు, కోడలు, రెండేండ్ల మనుమరాలు కలరు. కుమార్తె వేసవి సెలవుల వరకు, పెద్దలు ఆరు నెలల వరకు ఉండ దలచిరి. ఒకే ఇంట ఏడుగురు. ఏడుగురి ప్రకృతులు, వయస్సులు, అలవాటులు వేరు. ఈ కుటుంబమును దృష్టిలో నుంచుకొని పాఠమును సాగింతము.

మారునవి దేశము, కాలము

ఆయుర్వేదము భూమిని జాంగల, ఆనూప, సాధారణ దేశములని మూడు విధములుగా విభజించినది. నీరు, చెట్లు తక్కువగా నుండు పొడినేల జాంగలము. నీరు సమృద్ధిగా గల తడినేల ఆనూపము. మన రాయలసీమలో జాంగల లక్షణములు, కోనసీమలో ఆనూప లక్షణములు స్పష్టముగా కనిపించును. పుట్టి పెరిగిన దేశముతో శరీరమునకు ఏర్పడిన పొందికయే దేశసాత్మ్యము. ఒక ఆహారమునకు, ఒక నడవడికి చిరకాలముగా అలవాటుపడుటచే కలుగునది ఓకసాత్మ్యము. దేశాంతరము పోయినపుడు మొదటిది తప్పక మారును. రెండవది మార్చుకొనవలసి వచ్చును. అరువది దాటిన దేహము ఈ మార్పును బాలుని దేహమంత సులభముగా సహింపజాలదు.

కాలములో కలుగు మార్పు ఇంకను తీవ్రమైనది. వేసవిలో డల్లాసు మన కంటె పది గంటల ముప్పది నిమిషములు వెనుకబడి యుండును. మనకు ఉదయము ఆరు గంటలైనపుడు అచట ముందటి రాత్రి ఏడున్నర. దేహములోని గడియారము మాత్రము రాజమహేంద్రవరపు వేళనే అనుసరించుచుండును. అందుచే అర్ధరాత్రి ఆకలి, మధ్యాహ్నము మైకము, తలబరువు, మలబద్ధము, చిరాకు కలుగును. దీనినే జెట్ లాగ్ అందురు. దినమునకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే దేహము సర్దుకొనును. కనుక పెద్దలకు మొదటి పది దినములు పరీక్షాకాలమని ఎరుగవలెను.

మన శాస్త్రదృష్టిలో ప్రయాణశ్రమ, రాత్రిజాగరణము, వేళ తప్పిన భోజనము ఈ మూడును వాతమును ప్రకోపింపజేయునవే. వృద్ధాప్యములో సహజముగనే వాతము ప్రబలముగా నుండును. కావున ఒకే ప్రయాణములో కుమార్తెకు కేవలము అలసట కలుగగా, బామ్మగారికి నిద్ర, మలశుద్ధి, కీళ్ళు మూడును చెడుట వింత గాదు.

పాదాంశిక క్రమము

అలవాటులను మార్చుకొను పద్ధతిని చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయములో చక్కగా చెప్పినది. విడువదలచిన దానిని ఒక్కమారుగా విడువరాదు. పట్టదలచిన దానిని ఒక్కమారుగా పట్టరాదు. పాతదానిలో నాలుగవ వంతు విడిచి, క్రొత్తదానిలో నాలుగవ వంతు చేర్చి, క్రమముగా మార్పును పూర్తి చేయవలెను. ఋతుసంధిలో వెనుకటి ఋతుచర్యను మెల్లగా విడిచి, రాబోవు దానిని మెల్లగా గ్రహింపవలెనని వాగ్భటుడు చెప్పినదియు ఇదే న్యాయము. దేశాంతర ప్రయాణమును ఒక పెద్ద ఋతుసంధిగా భావింపవచ్చును.

దీనిని అనుసరించు విధము: పడమటి దేశములకు పోవువారు బయలుదేరుటకు నాలుగు దినముల ముందు నుండి ప్రతిరాత్రి అరగంట చొప్పున ఆలస్యముగా శయనింపవలెను. నాలుగు దినములలో రెండు గంటల మార్పు శ్రమ లేకుండ సిద్ధించును. చేరిన పిదప భోజనవేళలను మాత్రము మొదటి దినము నుండియే అచటి గడియారము ననుసరించి పాటింపవలెను. ఆకలి లేకున్నను ఆ వేళకు కొంచెము చారు అన్నమైనను తీసికొనవలెను. ఉదయము, సాయంకాలము ఆరుబయట వెలుతురులో నడువవలెను. దేహగడియారమును సరిదిద్దుటకు సూర్యకాంతిని మించిన సాధనము లేదు. పగటినిద్ర ఆపుకొనరానిదైనచో అరగంటకు మించరాదు.

తాతగారికి మొదటివారము తెల్లవారుజామున రెండు గంటలకే మెలకువ వచ్చును. అది రోగము కాదు. నిద్రమాత్రలకు తొందరపడరాదు. ఆ వేళకు దీపపు స్విచ్చి ఎచటనున్నది, పాలు ఎచట నున్నవి, ఏ గదిలో కూర్చుండినచో పసిబిడ్డ లేవదు అను మూడు విషయములను కుమారుడు ముందుగనే చూపవలెను. ఈ చిన్న ఏర్పాటు లేనందున చీకటిలో మెట్లపై జారి పడినవారు కలరు.

విమానములో

దోహా నుండి డల్లాసునకు విమానములో సుమారు 16 గంటలు కూర్చుండవలసి యుండును. లోపలి గాలి మిక్కిలి పొడిగా నుండును. గాలి యొత్తిడి ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండపై నున్నట్లుండును. దీనివలన పెదవులు, ముక్కు ఎండును, కడుపు ఉబ్బును.

మూత్రము, మలము, అపానవాయువు, ఆకలి, దప్పిక, నిద్ర మున్నగు 13 వేగములను అణచరాదని చరకుని శాసనము. విమానములో మన పెద్దలు, ముఖ్యముగా స్త్రీలు, ఈ శాసనమునే అతిక్రమింతురు. ఇరుకు మరుగుదొడ్డికి పోవుటకు, ప్రక్కవారిని లేపుటకు సంకోచించి నీరు త్రాగుటయే మానుదురు. తత్ఫలితముగా మలబద్ధము, మూత్రములో మంట కలుగును; రక్తము చిక్కబడుటకును అవకాశము కలదు. కనుక టిక్కెట్టు తీయునపుడే పెద్దలకు నడవ ప్రక్క సీటు కోరవలెను. మోకాళ్ళ నొప్పి గలవారికి, ఇంగ్లీషు రానివారికి చక్రాల కుర్చీ సహాయమును ముందుగనే నమోదు చేయవలెను. అందు సిగ్గుపడవలసినది లేదు.

కదలక కూర్చుండుట వలన పిక్కలలోని లోతైన సిరలలో రక్తము గడ్డకట్టవచ్చును. నాలుగు గంటలకు మించిన ప్రయాణములలో ఈ అపాయము సుమారు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది. ఇది అరుదే యైనను ప్రాణాంతకము కాగలదు. గంట కొకమారు పాదములను మడమల వద్ద ఇరువది సార్లు పైకి, క్రిందికి ఆడింపవలెను. రెండు గంటల కొకమారు లేచి నడువవలెను. గోరువెచ్చని నీరు కొంచెము కొంచెముగా త్రాగుచుండవలెను. పూర్వము రక్తపు గడ్డ ఏర్పడినవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, హృద్రోగులు, గర్భిణులు తమ వైద్యుని అనుమతి లేనిదే బయలుదేరరాదు. ఈ విషయమున ఇంటి వైద్యము చాలదు.

ముక్కు ఎండకుండుటకు శుద్ధమైన నువ్వుల నూనెను గాని నేతిని గాని చిటికెన వ్రేలితో నాసికాద్వారముల లోపలి అంచుకు పూయవలెను. ప్రయాణానంతరము ప్రతిమర్శ నస్యము తగునని వాగ్భటుడు చెప్పినాడు. వృద్ధులకు, పిల్లలకు చుక్కలు పోయరాదు; పూయుట మాత్రమే క్షేమము. చేతిసంచిలో ద్రవపదార్థముల సీసా 100 మిల్లీలీటర్లకు మించరాదని గుర్తుంచుకొనవలెను.

మందుల సంచి

నిత్యము వాడు మందులన్నియు చేతిసంచిలోనే ఉండవలెను. పెద్ద పెట్టెలు ఒక్కొక్కప్పుడు రెండు దినములు ఆలస్యముగా వచ్చును. మాత్రలను వాటి అసలు పట్టీలలోనే ఉంచి, మందుల మూలనామములతో వైద్యుడు వ్రాసిన ఇంగ్లీషు చీటీని జతపరుపవలెను. ఇన్సులిన్‌ను సరకుపెట్టెలో ఉంచరాదు. చలికి గడ్డకట్టి చెడును.

మధుమేహులు తెలిసికొనవలసిన ముఖ్యమైన లెక్క యొకటి కలదు. పడమటికి పోవునపుడు తాతగారికి ఆ దినము 24 గంటలు గాక, ముప్పది నాలుగున్నర గంటలగును. తిరిగి వచ్చునపుడు ఆ దినము పదమూడున్నర గంటలే. గడియారమును చూచి మందు వేసికొన్నచో, పోవునపుడు మోతాదుల నడుమ ఎడము పెరుగును. వచ్చునపుడు రెండు మోతాదులు దగ్గరపడి చక్కెర ప్రమాదకరముగా తగ్గవచ్చును. కావున బయలుదేరుటకు రెండు వారముల ముందే వైద్యుని చేత గంటలవారీ పట్టిక వ్రాయించుకొనవలెను. చేతిలో పటికబెల్లము గాని గ్లూకోజు గాని ఎల్లప్పుడు ఉండవలెను.

ఆయుర్వేద ఔషధములను గూర్చి ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలెను. బోస్టను ప్రాంతపు అంగళ్ళలో కొన్న 70 ఆయుర్వేద ఔషధములను పరీక్షింపగా, 14 ఔషధములలో సీసము, పాదరసము, పాషాణము వంటివి కనబడినవని 2004లో ఒక అమెరికా వైద్యపత్రిక ప్రకటించినది. శాస్త్రోక్తముగా శోధనము జరుగని రసౌషధములు విషతుల్యములు. వైద్యుని పర్యవేక్షణ లేని చోట భస్మములను, రసౌషధములను కొనిపోవుట తగదు. చూర్ణములు, తైలములు చాలును. అవియైనను నమ్మదగిన తయారీదారుని ముద్రతో నుండవలెను.

వంటసామగ్రి విషయములోను జాగ్రత్త అవసరము. మన మసాలాలలో వాడు గసగసాలు ఎమిరేట్సు దేశములో నిషిద్ధములు. దుబాయి మీదుగా పోవువారు మసాలా పొడిలో కలిసినవైనను తీసికొనిపోరాదు. ఎండుకొబ్బరి నూనెగుణము వలన మండునదగుటచే విమానములలో అభ్యంతరపెట్టుదురు. తాజా పండ్లు, మొక్కలు, విత్తనములు అమెరికాలో ఆటంకపరతురు. కొనిపోవు ఆహారమునంతయు పత్రములో ప్రకటించుటయే మర్యాద. అల్లము, జీలకర్ర, వాము, పసుపు, పెసరపప్పు అచటి భారతీయ అంగళ్ళలో దొరకును గనుక వాటితో పెట్టెలు నింపనక్కరలేదు.

ఆహారము, నిద్ర, అభ్యంగము

మొదటి ఏడు దినములు జఠరాగ్ని మందముగా నుండును. ఆ దినములలో పెసరకట్టు, మిరియాల చారు, మెత్తని అన్నము, వండిన కూరలు, పలుచని మజ్జిగ పథ్యము. కొడుకు ప్రేమతో మొదటి రాత్రియే పెట్టించు పిజ్జా, ఐస్‌క్రీము రెండవ వారమునకు వాయిదా వేయుట మేలు. ఉద్యోగము చేయు కోడలు వారమునకు సరిపడ వండి ఫ్రిజ్‌లో నుంచుట అచట సామాన్యము. దానిని నిందింపక, బామ్మగారు తమకు, పిల్లలకు మాత్రము ఒక పూట తాజాగా పప్పుచారు కాచుకొన్నచో ఇద్దరికిని సుఖము.

దీపనచూర్ణము: శొంఠి, జీలకర్ర, వాము ఒక్కొక్కటి 50 గ్రాములు దోరగా వేయించి దంచి జల్లించవలెను. అర చెంచాడు పొడిని వేడి అన్నము మొదటి ముద్దలో నేతితో కలిపి తినవలెను. రక్తపోటు గలవారు ఉప్పు చేర్చరాదు. కడుపులో మంట, పుండు గలవారికి ఇది పనికిరాదు.

మలబద్ధమునకు: త్రిఫలాచూర్ణము 3 గ్రాములు రాత్రి గోరువెచ్చని నీటితో సేవింపవలెను. ప్రయాణమునకు వారము ముందే మొదలిడి, తనకు పడునో లేదో చూచుకొనవలెను. విమానములో క్రొత్తగా మొదలిడరాదు. రక్తమును పలుచబరచు మందులు, మధుమేహపు మందులు వాడువారు తమ వైద్యుని అడిగిన పిదపనే వాడవలెను. గర్భిణులు, విరేచనములు అగుచున్నవారు వాడరాదు.

నిద్రకు: పడుకొనుటకు ముందు అరికాళ్ళకు, మాడునకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన శ్రేష్ఠము. అభ్యంగము ముదిమిని, శ్రమను, వాతమును పోగొట్టునని శాస్త్రము. జ్వరము, అజీర్ణము ఉన్నపుడు చేయరాదు. పాదములకు నూనెతో స్నానపు తొట్టిలో అడుగిడరాదు. అచటి తొట్లు నున్నగా, అంచు ఎత్తుగా నుండును. నూనె తుడిచి, రబ్బరు పట్టా పరచి, పట్టుకొనుటకు కమ్మీ ఉన్న చోటనే స్నానము చేయవలెను. తుంటి యెముక విరిగినచో ఆరు నెలల యాత్ర అంతయు ఆస్పత్రిపాలగును.

ఒకే కప్పు క్రింద ఏడుగురు

దేహమును చెరచునది దోషప్రకోపము మాత్రమే కాదు; ప్రజ్ఞాపరాధము కూడ. తెలిసియు చేయు తప్పు అని దాని భావము. కుటుంబయాత్రలలో అది మూడు రూపములలో కనిపించును.

మొదటిది అతియాత్ర. వచ్చిన వారమే న్యూయార్కు, వాషింగ్టను, నయాగరా చూపవలెనని పిల్లలకు ఆరాటము. న్యూయార్కు నుండి నయాగరా సుమారు 650 కిలోమీటర్లు. బస్సులో అంతదూరము మోకాళ్ళ నొప్పితో కూర్చుండి, జలపాతము చేరునాటికి బామ్మగారికి చూచు ఓపిక మిగులదు. రెండు వారముల విశ్రాంతికి పిదప ఒక్క యాత్ర. యాత్ర అయిన పిదప రెండు దినముల విశ్రాంతి. అందరును అన్నియు చూడనక్కరలేదు. బాలుని జంతుశాలకు కుమార్తె తీసికొనిపోవును. పెద్దలు పిట్స్‌బర్గు వేంకటేశ్వరాలయ దర్శనముతో తృప్తి పడుదురు. విడివిడిగా చూచి రాత్రి కలసి చెప్పుకొన్నచో కలహము తగ్గును, కబుర్లు పెరుగును.

రెండవది ఒంటరితనము. వారములో ఐదు దినములు కొడుకు, కోడలు పనికి పోవుదురు. కుమార్తె సెలవులు ముగిసి తిరిగిపోయిన పిదప పెద్దలకు పగలు మాటాడువారుండరు. వీధిలో నడిచెడి మనిషియే కనబడడు. కారు లేక అంగడికి పోలేరు. ఇట్టి స్థితిలో ఆకలి తగ్గుట, నిద్ర చెడుట, ఊరక కన్నీరు పెట్టుట కనబడును. దీనిని బెంగ యని త్రోసివేయరాదు. ప్రతిదినము నిర్ణీత వేళకు నడక, ఊరిలోని తోబుట్టువులతో ఫోనులో సంభాషణ, మనుమరాలికి దినమున కొక తెలుగు కథ, వారమున కొకమారు సాటి తెలుగు పెద్దల కలయిక అను నాలుగును ఔషధములే. రెండు వారములైనను తగ్గనిచో వైద్యునికి చూపవలెను. అవసరమైనచో గడువునకు ముందే తిరిగి పంపుటయు ప్రేమయే.

మూడవది అధికారము. ఒక వంటింటికి ఇద్దరు యజమానురాండ్రు కుదరరు. పోపు ఘాటునకు, ధూపమునకు మ్రోగు పొగగంట మొదలు, పసిదాని స్నానము వరకు ప్రతిదియు వాదమునకు తావు కాగలదు. "మా కాలములో" అని బామ్మగారు, "డాక్టరు చెప్పినారు" అని కోడలు పట్టుబట్టినచో బిడ్డకు గాని పెద్దలకు గాని మేలు లేదు. ఆచారరసాయనములో సత్యము, అక్రోధము, ప్రియవచనము ఔషధములతో సమానముగా పరిగణింపబడినవి. ఆచరణలో దీని యర్థ మిది: బిడ్డ విషయమున నిర్ణయము తల్లిదండ్రులది, వంటింట పూటల పంపకము మొదటి వారమే జరుగవలెను, ఖర్చు ఎవరిదో బయలుదేరుటకు ముందే తెలియవలెను, ప్రతివారికి దినమున ఒక గంట ఏకాంతము ఉండవలెను. పెద్దలను జీతము లేని దాదులుగా చూడరాదు. పెద్దలును కొడుకు సంసారమును తూకము వేయ రాదు.

ఆలస్యము చేయరాని లక్షణములు

ఒక కాలు మాత్రమే వాచి నొప్పి కలుగుట, హఠాత్తుగా ఆయాసము, ఛాతీనొప్పి, మాట తడబడుట, ముఖము ఒక ప్రక్కకు పోవుట, క్రొత్తగా మతి తప్పినట్లు మాటాడుట. వీటిలో ఏది కనబడినను కషాయములతో కాలము గడపక అమెరికాలో 911 సంఖ్యకు ఫోను చేయవలెను. కాలివాపు, ఆయాసము ప్రయాణమైన కొన్ని వారములకు కూడ రావచ్చును. ఖర్చునకు వెరచి బాధను దాచుట మన పెద్దల అలవాటు. అమెరికా ప్రభుత్వము వృద్ధులకు కల్పించు మెడికేర్ సదుపాయము సందర్శకులకు వర్తింపదు. కనుక ఆరోగ్యభీమా లేకుండ బయలుదేరరాదు. పూర్వమునుండి ఉన్న వ్యాధులకు ఆ భీమా ఎంతవరకు వర్తించునో చదివించుకొని తెలిసికొనవలెను. భీమా ఉన్నదని తెలిసిన పెద్దలు నొప్పిని త్వరగా చెప్పుదురు. అదియే దాని మొదటి ప్రయోజనము.

సంగ్రహము

1. బయలుదేరుటకు రెండు వారముల ముందు: వైద్యపరీక్ష, మందుల పట్టిక, భీమా.
2. నాలుగు దినముల ముందు: శయనవేళలో అరగంట చొప్పున మార్పు.
3. విమానములో: నీరు, నడక, వేగములను అణచకుండుట.
4. మొదటి వారము: లఘ్వాహారము, వెలుతురులో నడక, పాదాభ్యంగము, యాత్రలు వద్దు.
5. ఉన్నంతకాలము: ఒకరి పనులలో నొకరు మితముగా పాలుపంచుకొనుట.
6. తిరిగి వచ్చునపుడు: ఇవే నియమములు. తూర్పునకు వచ్చునపుడు దేహము సర్దుకొనుట చాలమందికి మరింత కష్టము. కనుక స్వగృహము చేరితిమి గదా యని మరునాడే పెండ్లిండ్లకు, పేరంటములకు బయలుదేరక ఒక వారము విశ్రమింపవలెను.